చేతికివ్వని ఉప్పు

టొరంటోకి నాలుగు గంటల దూరంలోని విండ్సర్‌లో స్కూల్ బస్సు నడిపే బాలత్రిపురసుందరి పేరును ఆ ఊళ్ళో పూర్తిగా పలకగలిగినవాడు ఒక్కడే, ఆవిడ మొగుడు కోదండరామ్. అతనూ కోపం వచ్చినప్పుడే పలుకుతాడు. బస్సెక్కే పిల్లలకు ఆవిడ మిస్ బాలా. పక్కింటి హలీనాకు ఉత్త బాలా.

హలీనాకు ఎనభై నాలుగేళ్ళు. ఉక్రెయిన్‌లో పుట్టి, ఎనిమిదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో ఈ దేశం వచ్చింది. పదమూడేళ్ళ కిందట కాకినాడ నుంచి వచ్చి పక్కింట్లో దిగిన సుందరికి మంచులో కారు నడపడం నేర్పింది ఆవిడే. బ్రేకు తొక్కినప్పుడల్లా పక్క సీట్లోంచి అరిచేది, ఇంటికొచ్చాక టీ ఇచ్చేది. సుందరి ఇవాళ యాభైమంది పిల్లల్ని జనవరి మంచులో భద్రంగా బడికి చేరుస్తోందంటే ఆ అరుపుల చలవే.

ఉక్రెయిన్ నుంచి ఏ పాటల బృందం విండ్సర్ వచ్చినా, చర్చి హాల్లో రొట్టె పట్టుకుని ఎదురెళ్ళేది హలీనాయే. మనం గుమ్మంలో హారతి ఇస్తామే, వాళ్ళకది అలాంటిది. నలభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ ఏడాది సెప్టెంబరులో మెట్ల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి, రిహాబ్ సెంటర్లో మంచం మీద ఉంది. సరిగ్గా అప్పుడే, వచ్చే ఆదివారం ఒక బృందం వస్తోందని కబురు.

"అతిథులు రొట్టె లేకుండా లోపలికి రాకూడదు, బాలా. నువ్వే ఎదురెళ్ళాలి" అంది హలీనా.

"మీ చర్చిలో అంతమంది ఉండగా నేనెందుకు, ఆంటీ?"

"వాళ్ళు షాపులో కొన్న రొట్టె పట్టుకెళ్తారు. నువ్వయితే చెప్పింది చెప్పినట్టు చేస్తావు."

సుందరి సరేనంది. అంత నమ్మకం ఎవరైనా పెట్టుకుంటే కాదనడం ఆవిడ వల్ల కాదు.

హలీనా మంచం మీంచి వీడియో కాల్‌లో చెబుతుంటే సుందరి రొట్టె కాల్చింది. మొదటిది రాయయింది. రెండోది లోపల పచ్చి పిండే. ఆ రెండూ కోదండరామ్ పప్పుచారులో నానబెట్టుకుని తిన్నాడు, పాపం. మూడోది గుండ్రంగా, పైన జడ అల్లికతో ముచ్చటగా వచ్చింది. ఎర్రదారంతో పువ్వులు కుట్టిన హలీనా తువ్వాలు మీద దాన్ని పెట్టుకుని, రోజూ సాయంత్రం హాల్లో అటూ ఇటూ నడిచి సాధన చేసింది. సోఫాలో కూర్చున్న కోదండరామ్ అతిథి.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇంత వణకలేదే నువ్వు" అన్నాడు.

"అప్పుడు మీరు నచ్చకపోతే మానేద్దామనుకున్నానండి. ఇది మానడానికి లేదు."

ఆదివారం మధ్యాహ్నం ఉప్పాడ చీర కట్టుకుని, మీద కోటేసుకుని వెళ్ళింది. మూడొందల మందితో హాలు కిటకిటలాడుతోంది. బృందంలో ఇరవై ఇద్దరు, కుట్టుపని చొక్కాల్లో, వేదిక ముందు వరసగా నిలబడ్డారు. సుందరి రొట్టెతో బయల్దేరబోతుంటే చర్చి కమిటీ పెద్దమనిషి గబగబా వచ్చి, రొట్టె నడిమిని గుంట చేసి చిన్న గిన్నె దించి వెళ్ళిపోయాడు. అందులో ఉప్పు.

సుందరి గుండె గుభేలుమంది. రొట్టె మీద ఉప్పు ఉంటుందని హలీనా చెప్పనేలేదు. ఆవిడకది చెప్పాల్సిన సంగతిగా తోచలేదు. ఇక సుందరేమో, ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొగుడికి కూడా ఉప్పు చేతికివ్వలేదు. కింద పెట్టడం, అతను తీసుకోవడం. ఒక్కసారి, పెళ్ళయిన కొత్తలో, పరాకున తోడికోడలి చేతికి ఉప్పు డబ్బా అందించింది. మూడేళ్ళు మాటల్లేవు.

బృందాన్ని నడిపించే స్తెఫానియా చిరునవ్వుతో రెండు చేతులూ చాచింది. యుద్ధం మధ్యలోంచి, ఇంట్లోవాళ్ళని వదిలి, పాడటానికి వచ్చిన మనుషులు. వీళ్ళ చేతిలో ఉప్పు పెట్టి గొడవలు తెచ్చిపెట్టనా అనుకుంది సుందరి. చుట్టూ చూసింది. బల్ల లేదు. అతిథికి విస్తరి వేసేది నేల మీదే కదా అని ధైర్యం తెచ్చుకుని, తువ్వాలు పరిచి, రొట్టెను స్తెఫానియా పాదాల ముందు నేల మీద పెట్టి, ఒకడుగు వెనక్కి వేసి దణ్ణం పెట్టింది.

హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. వాళ్ళలో రొట్టె నేలను తాకడమంటే ఎంత అపచారమో ఆ ముఖాలు చూశాకే ఆవిడకు తెలిసింది.

స్తెఫానియా సుందరి చేతుల వంక చూసింది. అవి ఇంకా జోడించే ఉన్నాయి. పొడవాటి గౌను సర్దుకుని నేల మీద మోకాళ్ళూని, రొట్టె తుంచి, ఉప్పులో అద్దుకుని తింది. వెనకాల ఇరవై ఒక్కమందీ ఒక్కొక్కరే వచ్చి అలాగే తిన్నారు.

తర్వాత దేవుడి పాటలు మొదలయ్యాయి. భజనలో అందరూ ఒకే వరసలో పాడటం సుందరికి అలవాటే. ఇక్కడ ఇరవై ఇద్దరూ తలో దారిన పోయి, చివర్లో ఒక్క చోట కలిశారు. ఒళ్ళు ఝల్లుమంది. పల్లె పాటలకు వచ్చేసరికి బస్సు పెడల్ తొక్కినట్టు కాలు దానంతటదే ఆడింది. అయినా మధ్యమధ్య ఒకటే దిగులు. హలీనాకు ఏమని చెప్పాలి? నలభై ఏళ్ళ మర్యాదను నేల మీద పెట్టొచ్చానని చెప్పాలా?

కచేరీ అయ్యాక స్తెఫానియా తనే వచ్చి, నేల మీద ఎందుకు పెట్టారని అడిగింది. సుందరి తోడికోడలితో సహా అంతా చెప్పేసింది. స్తెఫానియా దాన్ని తమ భాషలో చెప్పగానే బృందం గొల్లుమంది.

"ఆలస్యం చేశారండి మీరు. టొరంటో నుంచి వచ్చే దారిలోనే మేం కొట్టుకున్నాం, బస్సులో కిటికీ సీటు కోసం" అంది స్తెఫానియా. "ఇంతకీ రొట్టె ఎలా కాల్చాలో ఎవరు నేర్పారు?"

పావుగంటలో వాళ్ళ బస్సు రిహాబ్ సెంటర్ ముందు ఆగింది. హలీనా గదిలో ఇరవై ఇద్దరు పట్టలేదు, సగంమంది వరండాలోంచే పాడారు. హలీనా చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది, నవ్వింది, ఆఖరి చరణం తనూ పాడింది.

పాట అయ్యాక సుందరి వంక తిరిగింది. "నేల మీద పెట్టావట. నాలుగు ఫోన్లొచ్చాయి."

సుందరి తల దించుకుంది. "ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయి, ఆంటీ."

సుందరి వెంట తెచ్చిన రొట్టె మీది ఉప్పు గిన్నె వంక చూసింది హలీనా. "పదమూడేళ్ళుగా నేను ఉప్పు అడిగినప్పుడల్లా మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయేదానివి. నన్ను తాకడం నీకిష్టం లేదనుకునేదాన్ని, బాలా."

సుందరి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇన్నేళ్ళూ ఆ ముసలి మనసు ఎంత నొచ్చుకుని ఉంటుందో!

"మీతో గొడవ రాకూడదనే ఆంటీ, అలా పెట్టింది" అంది.

"నా వయసుకి ఎంతకాలం గొడవపడగలను? చేతికియ్యి."

మిగిలిన రొట్టెను ఉప్పు గిన్నెతో సహా సుందరి ఆవిడ చేతుల్లో పెట్టింది. వెంటనే వదల్లేదు. నాలుగు చేతులూ రొట్టె కింద కాసేపు అలాగే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున్న ఏడింటికి, సుందరి బస్సుకి బయల్దేరుతుంటే హలీనా ఫోన్ చేసింది. రొట్టె అడుగు మాడిందట, చెప్పినదానికన్నా పది నిమిషాలు ఎక్కువ ఉంచిందట. మీరు చెప్పినంతే ఉంచానని సుందరీ తగ్గలేదు. ఇద్దరూ బాగా అరుచుకున్నాక, సాయంత్రం టీ ఫ్లాస్కుతో వస్తానని చెప్పి సుందరి బస్సెక్కింది.