కాలరు కింద గీతలు

మొన్నొక రోజు మా ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ మెడ వెనక ఏదో గుచ్చుకుంటోందని గోక్కుంటుంటే కాలరు తిప్పి చూశాను. లాండ్రీ వాళ్ళు కొట్టిన పిన్నూ, దానికి వేలాడుతున్న నల్లచారల కాగితం ముక్కా అలాగే ఉన్నాయి. దోహాలో మేమిప్పుడుంటున్న అల్ సద్‌ పేటలో ఇస్త్రీ పెట్టె వేడెక్కే ఇల్లు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఫోను మీద వేలు పెడితే ఎవరో వచ్చి సంచీ పట్టుకుపోతారు, మర్నాటికి హ్యాంగర్లకు తగిలించి తెచ్చిస్తారు, ఉతికిందెవరో మనకి అక్కర్లేదు. నేను ఊరుకునే మనిషినా? ఫోను చేసి పావుగంట దులిపేశాను. అవతలి పిల్ల ఎంతకీ సారీ మేడమ్ అనడమే తప్ప ఎదురు చెప్పదు. ఎదురు చెప్పనివాళ్ళతో పోట్లాడటం ఎంత నీరసమో నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫోను పెట్టేసి, సోఫాలో కూలబడి, ఆ చొక్కా ఒళ్ళో పెట్టుకుని, నేను బట్టలుతికిన రోజుల్లోకి వెళ్ళిపోయాను.

అవును, ఉతికాను. పరాయి మగవాళ్ళ బట్టలు. బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్టుక్లాసులో పాసై.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఖతర్‌లోనే అని తేలాక దోహాని తవ్వి పోసిన రోజులవి. నిన్న నడిచిన దారి ఇవాళ ఉండేది కాదు, టాక్సీ డ్రైవర్లకే తోవ తెలిసేది కాదు, ఎటు చూసినా క్రేన్లూ, రేకుల కంచెలూ, వాటి వెనక గుంతలూ. మా ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. అల్ దోహా అల్ జదీదాలో ఒక పాత విల్లాని ఐదు ముక్కలు చేసి అద్దెకిస్తే, అందులో ఒక ముక్కలో మేముండేవాళ్ళం. ఒక గది, దాంట్లోంచే కోసిన వంటిల్లు, మేడ మీద బట్టలారేసుకునే హక్కు. అద్దె పెరిగింది, అమ్మాయి బడి ఫీజు పెరిగింది, జీతం మాత్రం బుద్ధిమంతురాలిలా ఉన్నచోటే కూర్చుంది. నన్నూ అమ్మాయినీ కృష్ణా జిల్లాకి పంపించేసి తాను బ్యాచిలర్ రూములో సర్దుకుంటానని ఆయన నెమ్మదిగా మొదలుపెట్టారు. ఆ మాట నేను పూర్తి కానివ్వలేదు. భర్త వీసా మీద వచ్చినదాన్ని, బయటికెళ్ళి ఉద్యోగం చేయడానికి లేదు. లైసెన్సూ గిసెన్సూ లేకుండా ఇంట్లో కూర్చుని చేయగలిగిందేమిటా అని నాలుగు గోడలూ కలియజూస్తే కనిపించింది మా వాషింగ్ మెషీన్. అదీ కొత్తది కాదు, ఊరికి వెళ్ళిపోతున్న ఒక ఫిలిప్పీనో కుటుంబం దగ్గర కొన్నది, తిరిగేటప్పుడు గదంతా నడిచేది.

మొదట మా విల్లాలోని బ్యాచిలర్ల చొక్కాలు. ఆ తర్వాత మా సందు చివర ఒక కాంట్రాక్టు కంపెనీ తన మనుషుల్ని పెట్టిన పాత ఇంట్లోంచి, ఒక గది గదంతటి బట్టలూ నా మీద పడ్డాయి. ఆ గదిలో ఎనిమిది మంది, అందరూ ఉత్తర తెలంగాణ వాళ్ళు, మెట్రో స్టేషన్ల పని. పన్నెండు గంటల డ్యూటీ, నీళ్ళు ట్యాంకరు వస్తేనే, సెలవు శుక్రవారం ఒక్కటే. పైనుంచి కింది దాకా ఒకటే కుట్టుగా ఉండే నీలం కవరాల్ తలా రెండు. వీపు మీద చెమట ఎండి ఉప్పు తెల్లగా గీతలు కట్టి ఉండేది, మోకాళ్ళ దగ్గర సిమెంటు పలకలా బిగుసుకుపోయి ఉండేది. గురువారం సాయంత్రం మూట వచ్చేది, శుక్రవారం సాయంత్రానికి వెళ్ళిపోవాలి. శుక్రవారం పొద్దున తెల్లచీర కట్టుకుని ఆరాధనకి వెళ్ళి, రాగానే చీర విప్పి పాత నైటీ వేసుకుని, బాత్రూములో పీట వేసుకుని కూర్చుంటే మళ్ళీ నడుము ఎత్తేది మూడింటికే.

మా చర్చిలో తెలుగువాళ్ళకి గానీ, ఊళ్ళో మా అమ్మకి గానీ ఈ సంగతి పొక్కనివ్వలేదు. కేకులు చేసి అమ్ముతున్నానంటే మైకు పట్టుకుని చెప్పుకునేదాన్నేమో. బట్టలనేసరికి నోరు పెగల్లేదు. ఎందుకని నన్నడగొద్దు, అప్పట్లో నన్ను నేనే అడగలేదు.

మూట తెచ్చేది ఆ ఎనిమిది మందిలో పరంజాలు కట్టే అతను. ముప్పై దాటి ఉంటాయి, ఊళ్ళో ఇద్దరు పిల్లలు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. రెండో వారమో మూడో వారమో, నేను సిమెంటు మరకని ఇనుప బ్రష్షుతో రుద్దుతుంటే గుమ్మంలో నిలబడి చూసి చూసి, ఇక ఉండబట్టలేక అన్నాడు.

"గిట్ల గీకితె బట్ట సస్తదక్కా. ఎండనియ్యి, దులుపు, సిర్కల నానబెట్టు. గప్పుడు అదే ఇడుస్తది."

సిర్కా అంటే వెనిగర్. ఆమ్లం, క్షారం, నా డిగ్రీ మొత్తం కళ్ళ ముందే ఉంది, అయినా నాకు తట్టలేదు. ఒళ్ళు మండింది, కానీ మరక వదిలింది. ఆ తర్వాత చెమట ఉప్పుకి ముందు చన్నీళ్ళే పట్టించాలనీ, కవరాల్ని తిరగేసి, తలకిందులుగా, నీడలో ఆరేయాలనీ, ఒక్కొక్కటీ నేర్పాడు. అన్నీ నోటితోనే, బట్టని మాత్రం వేలితో తాకేవాడు కాదు. ఇంత తెలిసినవాడివి నువ్వే ఉతుక్కోవచ్చుగా అని నా అలవాటు చొప్పున నిలదీశాను. మూట కట్టుకుని, గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి చెప్పాడు. వాళ్ళ తాత, తండ్రి అందరిదీ బట్టలుతికే వృత్తే. ఊరి బట్టలు మోసి మోసి, ఇక చాలనుకుని అప్పుచేసి గల్ఫుకొచ్చాడు. మొదట మస్కట్‌లో ఉన్నప్పుడు రూములో ఈ సంగతి తెలిసిపోయి, అందరూ డ్యూటీ నుంచి వస్తూనే విప్పిన బట్టలు ఇతని మంచం మీద పడేసేవాళ్ళట. అడిగేవాళ్ళు కాదట, పడేసేవాళ్ళట. ఇక్కడ తనొక్కడే వేరే జిల్లా, మిగతావాళ్ళంతా ఒకే మండలం, అందుకని మాది యవుసం, అంటే వ్యవసాయం, అని చెప్పి బతుకుతున్నాడు.

"రూముల తెల్వనియ్యకక్కా. ఆరు రోజులు ఇనుము మోస్త, ఒక్క శుక్రారం మనిషి లెక్క పండుకుంట. అది గూడ పోతది."

నేను పెద్ద ఉదారంగా ఒప్పందం చేశాను: నా సంగతి మా చర్చి వాళ్ళ చెవిన పడకూడదు, నీ సంగతి మీ రూములో పొక్కదు. నవ్వాడు. అతని పళ్ళు చూడటం అదే మొదటిసారి.

ఆ కవరాళ్ళన్నీ ఒకే రంగు, ఒకే కుట్టు కావడంతో ఏది ఎవరిదో తెలియక చచ్చేదాన్ని. కాగితం చీటీలు తడిస్తే కరిగిపోయేవి, పిన్నీసులు పెడితే తుప్పు మరకలు. దానికీ అతనే దారి చెప్పాడు. వాళ్ళ అమ్మకి అక్షరం ముక్క రాదు గానీ ఎంత ఉతికినా పోని జీడిగింజ రసంతో ఇంటికో గుర్తు పెట్టి ఊరందరి బట్టలూ ఉతికేదట, జన్మలో ఒక్క పంచె కూడా తారుమారు కాలేదట. ఒకరికి అడ్డగీత, ఒకరికి రెండు, ఒకరికి గీత మీద చుక్క. నేను నల్ల మార్కర్ తెచ్చి ఎనిమిది మందికి ఎనిమిది గుర్తులు కాలరు కింద పెట్టాను. ఆ గదిలో పెద్దవాడైన మేస్త్రికి మూడు గీతలు, కింద చుక్క. ఆ తర్వాత నాలుగైదు నెలలు ఒక్క తప్పు జరగలేదు. మా అమ్మాయి బడి మారలేదు, మేమూ ఊరెళ్ళలేదు. ఒళ్ళు మాత్రం హూనమైపోయింది. భుజాలు పడిపోయి, ఆరాధనలో చేతులెత్తితే నొప్పి పుట్టేది.

ఎండలు ముదిరిన ఒక శుక్రవారం సాయంత్రం మేస్త్రి స్వయంగా వచ్చాడు, వెనక ఇద్దరు మనుషులతో. ఆ ఇద్దరిలో ఒకడు మూట తెచ్చే మా తమ్ముడు. మేస్త్రి చేతిలో నేను ఆరాధన నుంచి వచ్చింది మొదలు చాకిరీ చేసి మడతపెట్టిన కవరాల్.

"గిది నాది గాదమ్మా. నడుముకాడ వడ్తనే లేదు. మార్చినవ్ నువ్వు."

"మీ నడుం పెరిగితే దానికి కూడా నేనే బాధ్యురాలినా అన్నగారూ?" అన్నాను. రెండోవాడు ఫక్కుమన్నాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మేస్త్రి ముఖం ఎర్రబడింది. కాలరు తిప్పి నా ముందు పెట్టి, చదువుకున్నోళ్ళకు బట్టల పని ఏం ఎర్క, గీ గీతలేంది, పోరగాండ్ల ఆట లెక్క, అన్నాడు. చదువుకున్నోళ్ళకు అన్న మాట దగ్గర నాకు తల తిరిగింది. మూడింటి దాకా నీళ్ళలో నాని చేతులు ముడతలు పడి ఉన్నాయి, నడుము పట్టేసి ఉంది, నేను కరెక్టు, నూటికి నూరుపాళ్ళు కరెక్టు. నేను కరెక్టయినప్పుడు నా నోటికి ముందూ వెనకా ఉండదు.

"తాతల నాటి నుంచీ ఊరి బట్టలు ఉతికిన ఇంటి గుర్తులివి, తప్పుపోవు. నమ్మకం లేకపోతే అదిగో మీ వెనకాలే ఉన్నాడు తమ్ముడు, అతన్నే అడగండి!"

మేస్త్రి వెనక్కి తిరిగాడు. తమ్ముడు నా వైపు చూడలేదు, మేస్త్రి వైపూ చూడలేదు. మేడమెట్ల పక్కనున్న నీళ్ళ డ్రమ్ము వైపు చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రి మూడు గీతల్నీ చుక్కనీ బొటనవేలితో ఒకసారి తడిమి, "నాదేనమ్మా" అని ఒప్పుకుని, ఆ కవరాల్‌ని మడత పెట్టకుండా తమ్ముడి భుజం మీద వేసి నడిచాడు. నేను గెలిచాను.

పై గురువారం మూట రాలేదు. ఆ సాయంత్రమే బకాలాలో, అంటే కిరాణా కొట్లో, ఉల్లిపాయలు కొంటుంటే ఆ రోజు ఫక్కుమన్నవాడే కనబడి, నేను అడక్కుండానే చెప్పాడు, రూములనే మనోడు ఉండంగ బయట పైసలు వెట్టుడు దేనికని మేస్త్రి అన్నడని. మర్నాడు ఆరాధన నుంచి వచ్చి మా ఆయన చొక్కాలు ఆరేద్దామని మేడెక్కాను. నాలుగిళ్ళ అవతల వాళ్ళ మేడ. తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. పదహారు కవరాళ్ళు, తిరగేసి, తలకిందులుగా, నీళ్ళ ట్యాంకు నీడలో, ఎక్కడా ఒక ముడత లేకుండా ఆరేస్తున్నాడు. నేను జీవితంలో అంత చక్కగా ఆరేసిన బట్టలు చూడలేదు. పిలుద్దామని చెయ్యెత్తి, దించేసి, ఆ చొక్కాలు తడితడిగానే కిందికి తెచ్చేసుకున్నాను.

నెల తిరగకముందే అతను మా గుమ్మంలోకి వచ్చాడు. దోహాకి దూరంగా మెసయీద్‌లో ఏదో పనికి మనుషులు కావాలంటే తనే అడిగి పేరిచ్చుకున్నాడట, మర్నాడు బస్సు. అక్కడ కొత్త క్యాంపు, కొత్త మనుషులు. వస్తే ఏం చెప్పాలో నేను అప్పటికే వారం నుంచీ తయారు చేసుకుని ఉన్నాను. చేసే పనిలో సిగ్గేముంది, దొంగతనమా దోపిడీయా, వాళ్ళు నవ్వితే సిగ్గు వాళ్ళది, నీది కాదు, చదువుకున్నదాన్ని చెబుతున్నాను విను, అంటూ క్షమాపణ అడగాల్సిన చోట ఒక ఉపన్యాసం ఇచ్చాను. అడ్డు చెప్పకుండా మొత్తం విన్నాడు. విని, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"మరి మీ సర్చిల జెప్పినవా అక్కా?"

చేతిలో ఉన్న తువ్వాలుని విప్పి మళ్ళీ మడతపెట్టాను. అతను, పిల్ల మంచిగ సదువుతుందా అని అడిగి, అవునంటే తలూపి వెళ్ళిపోయాడు. మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర ఉతికాను, వేరే వాళ్ళవి. పేర్లు దారంతో కుట్టేదాన్ని, కళ్ళు పోయినా సరే. మా ఆయనకి మంచి ఉద్యోగం దొరికాక మెషీన్ ఎవరికో ఇచ్చేసి ఇటు వచ్చేశాం. ఆటలు జరిగాయి, ముగిశాయి. ఆ సందు ఇప్పుడు లేదు, కొట్టేసి బండ్లు నిలిపే చోటు చేశారు. అమ్మాయి చదువు పూర్తయింది. మెట్రోలో వెళ్తున్నప్పుడు స్టేషన్ల ఎత్తైన పైకప్పులు చూసి జనం ఫొటోలు తీసుకుంటుంటారు, నాకు మాత్రం అక్కడ పరంజా మీద ఎవరు నిలబడి ఉంటారా అని తోస్తుంది. ఊళ్ళల్లో ఆ వృత్తులూ ఇప్పుడు అలా లేవంటారు, పిల్లలంతా చదువుకుంటున్నారంటారు. నిజమే అయి ఉండాలని కోరుకుంటాను, వాదించను.

నోరు ఇప్పటికీ ఊరుకోదు. కానీ అవతలివాణ్ణి పడగొట్టే ఆ చివరి మాట నాలుక మీదికి వచ్చినప్పుడు, అది నా గురించిన మాటేనా, ఇంకెవరి గుట్టో కాదు కదా అని ఒక్క క్షణం ఆగుతున్నాను, ఆ క్షణంలోనే అవతలివాళ్ళు గెలిచేస్తున్నారు. నువ్వు ఓడిపోవడం కూడా నేర్చుకున్నావే, వయసు మీద పడుతోంది అని మా ఆయన నవ్వుతారు. వయసే అనుకోనీ అని ఊరుకుంటాను.