సగం సినిమా పెద్దమ్మ

పోయిన బుధవారం మూడో పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూంలో ఫోన్ చూసుకుంటే మా అమ్మ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే, "టాకీసు పెద్దమ్మ పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ తాగి కూసున్నది కూసున్నట్టే" అంది. సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను. భువనగిరి నుంచి నల్గొండ దాకా దారి పొడుగునా ఏడుపు రాలేదు. గడియారం సెంటర్ దగ్గర దిగగానే గోడ మీద ఒక సినిమా పోస్టర్ కనిపించింది. అప్పుడు వచ్చింది.

ఆమె మాకు చుట్టం కాదు, మా పక్కింటి మనిషి. ఊళ్లో ఒక పాత టాకీసులో ఆడవాళ్ల గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపడం ఆమె పని. అందుకే గల్లీ అంతటికీ టాకీసు పెద్దమ్మ అయింది. అన్నేళ్లు సినిమా హాల్లో పనిచేసిన ఆ మనిషి ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చూడలేదంటే మీరు నమ్మరు. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఇంటర్వెల్ దాకా గేటు వదలకూడదు. ఇంటర్వెల్ అయ్యాక తలుపు మూసి, లోపల గోడవారగా స్టూలు వేసుకుని కూర్చునేది. టీవీలో చూడొచ్చు కదా అంటే, "ఇంట్ల సిన్మా ఏంది?" అనేది. అలా ఆమెకు లెక్కలేనన్ని సినిమాల రెండో సగం తెలుసు. మొదటి సగం చెప్పే పని నాది.

మా బాపు ఆటో నడిపేవాడు, సినిమా పిచ్చోడు. ఏ కొత్త సినిమా వచ్చినా ఆదివారం మమ్మల్ని తీసుకెళ్లేవాడు. మర్నాడు పొద్దున పెద్దమ్మ మా గడప మీద చాట పెట్టుకుని, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ అడిగేది.

"మొదలు ఎట్లయింది బిడ్డా?"

"పిల్లను బస్టాండ్ల జూసిండు పెద్దమ్మా. ఎనక వడ్డడు."

"పిల్ల ఏమన్నది?"

"వద్దన్నది."

"మరి?"

"మల్ల ఎనక వడ్డడు. పాట వచ్చింది."

"పాటల ఏమన్నది?"

"ఏమనలే. నవ్వింది."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయేది. రెండో సగంలో ఆ పిల్ల ఆ అబ్బాయి కోసం ప్రాణమిస్తాననడం తను కళ్లారా చూసింది మరి. "వద్దన్న పిల్ల ఎప్పుడు ఒప్పుకున్నది? నడుమ ఏదో మర్సిపోయినవ్. మంచిగ యాది జేస్కో" అనేది. నేను నిజంగానే మర్చిపోయానేమోనని తల గోక్కునేదాన్ని. ఎంత వెతికినా ఆ సీను గుర్తొచ్చేది కాదు. చాలా సినిమాల్లో అసలా సీనే లేదని మా ఇద్దరికీ తెలియడానికి చాలా రోజులు పట్టింది.

అలాగని సినిమా అంటే ఆమెకు కోపం లేదు. రైతు కష్టం చూపిస్తే కొంగు తడిసేదాకా ఏడ్చేది. తెలంగాణ వచ్చాక ఒక సినిమాలో కథానాయిక మన యాసలో మాట్లాడితే గల్లీ అంతా తిరిగి చెప్పింది. "ఇన్నొద్దులు మన మాట ఇంటే నవ్వెటోళ్లు. గిప్పుడు గా పిల్ల గట్లనే మాట్లాడి ఏడ్పిచ్చింది" అని ఆమె మురిసిపోవడం నాకింకా గుర్తుంది.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఒక అబ్బాయి బస్టాండు నుంచి కాలేజీ గేటు దాకా బండి మీద నా వెనకే రావడం మొదలుపెట్టాడు. వద్దని చెప్పాను. మళ్లీ వచ్చాడు. హీరోలా ఉన్నాడే అన్నారు స్నేహితురాళ్లు. నిజం చెప్పాలంటే, ఒకరోజు అతను వానలో తడుస్తూ నిలబడితే నాకు నవ్వొచ్చింది. నవ్వాను. మర్నాటి నుంచి బండి అడ్డం పెట్టి, "నవ్వినవ్ గదా" అనడం మొదలుపెట్టాడు. ఇంట్లో చెబితే బాపు కాలేజీ మాన్పిస్తాడు. మా గల్లీలోనే ఒకమ్మాయి చదువు అలా ఆగిపోయింది. చెప్పకపోతే రోజూ ఆ బండి. నవ్విన తప్పు నాదే కదా అని లోలోపల కుమిలిపోయాను.

ఒక పొద్దున పెద్దమ్మ మామూలుగానే మొదటి సగం అడిగింది. ఆ వారం మేము సినిమాకే వెళ్లలేదు. అయినా చెప్పడం మొదలుపెట్టాను. బస్టాండు, బండి, వాన.

"పిల్ల ఏమన్నది?"

"వద్దన్నది. కని ఒకసారి నవ్వింది పెద్దమ్మా."

ఆమె నా మొహం చూసి చాట పక్కన పెట్టింది. ఇది ఏ సినిమానో అర్థమైపోయింది. "నవ్వితే నవ్వింది. నవ్వుడు ఒప్పుకునుడు గాదు బిడ్డా" అంది. ఆ ఒక్క మాటకు నా గుండె మీది బరువు సగం దిగింది.

సాయంత్రం బాపు ఆటో ఆపగానే పెద్దమ్మ వెళ్లి పక్కన నిలబడి అంతా చెప్పింది. నేను తలుపు వెనక ఉన్నాను. బాపు మొహం ఎర్రబడింది. "రేపటి సంది కాలేజీ బంద్" అన్నాడు.

పెద్దమ్మ గొంతు పెంచలేదు. "తమ్మీ, పోయిన నెల సిన్మాల హీరో పిల్ల ఎనక వడ్తే సీటీ కొట్టింది నువ్వే గదా? నాకు గేటు కాడికి ఇనవడ్డది."

బాపు సీటు కింది నుంచి తుడుపు గుడ్డ తీశాడు.

"గా పిలగాడు సుత నీ పక్కపొంటి కూసోనే జూసిండు గావచ్చు. వాడు జేసినదానికి నీ బిడ్డ సదువు బంద్ జేస్తే, శిక్ష ఎవలకు వడ్డట్టు?"

బాపు చాలాసేపు ఆటో అద్దం తుడిచాడు. మర్నాడు తనే నన్ను కాలేజీ దగ్గర దింపాడు. ఆ అబ్బాయి తండ్రిని వెతికి పట్టుకుని మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. బండి రావడం ఆగింది, నా చదువు ఆగలేదు. ఇవాళ నేను పిల్లలకు పాఠం చెబుతున్నానంటే ఆ సాయంత్రం ఆమె వచ్చి ఆటో పక్కన నిలబడ్డందుకే. బాపు ఆ తర్వాత కూడా సినిమాలు మానలేదు కానీ, అలాంటి చోట ఈల మాత్రం వేయలేదు.

కరోనా తర్వాత ఆ టాకీసు మళ్లీ తెరవలేదు, ఫంక్షన్ హాలైంది. నాకు ఉద్యోగం వచ్చాక పెద్దమ్మను ఒక కొత్త హాలుకు మ్యాట్నీకి తీసుకెళ్లాను. పేర్లు పడుతుంటే చేతులు కట్టుకుని చూసింది. చీకట్లో ఎవరో సీటు వెతుక్కుంటుంటే చూపించడానికి లేవబోయింది, కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ సినిమాలో అబ్బాయి అడిగాడు, అమ్మాయి వద్దంది, అతను సరేనని వెళ్లిపోయాడు. "అగో, గట్లుండాలె" అని హాలంతా వినపడేలా అంది. ముందు వరసవాళ్లు తిరిగి చూసి నవ్వారు. ఇంటర్వెల్ కాగానే చెప్పులేసుకుని లేచి, "పోదాం పా. రెండో సగం నాకెర్కే" అంది. బతిమాలి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

పెద్దమ్మ మూడొద్దుల కార్యం అయ్యాక సోమవారం బడికి వచ్చాను. మా బడిలో ఆడపిల్లలకు నాకు సినిమా కథలు చెప్పడం అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే. సాయంత్రం అందరూ వెళ్లిపోతుండగా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి తలుపు దగ్గర నిలబడింది.

"టీచర్, ఒక సిన్మా కత జెప్త."

ఏ సినిమా అంటే పేరు చెప్పలేదు. బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ, "ఒక పిల్ల రోజు సైకిల్ మీద బడికొస్తది..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

నేను రిజిస్టర్ మూసేసి, పక్కనున్న స్టూలు ఆ పిల్ల వైపు జరిపాను.

"కూసో బిడ్డా. పిల్ల ఏమన్నది?"