మూడక్షరాల మాట, ముందుపళ్ళ సందు

ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలుంటాయని బళ్ళో మొదలుపెట్టారు. వాళ్ళు పూర్తి చేసేలోపే నేను బడి పూర్తి చేసేశాను. నాకు గట్టిగా వచ్చినవి మూడే: ఎస్, ఈ, టీ. ఆ మూడింటితోనే ఇన్నేళ్ళుగా అబిడ్స్‌లో ఇల్లు గడుపుతున్నాను. నేను పళ్ళ సెట్లు కడతాను.

కింది అంతస్తులో పళ్ళ డాక్టరుగారు నోటి అచ్చు తీసి పైకి పంపుతారు. నేను అందులో ప్లాస్టర్ పోసి, అది సెట్ అయ్యాక, మైనం మీద ఒక్కో పన్నూ సెట్ చేసి, చివరికి సెట్టు తయారుచేసి కిందికి పంపుతాను. ఒక్క వాక్యంలోనే ఆ మాట ఎన్ని ఉద్యోగాలు చేసిందో చూడండి. నాకు ఒక్కటి దొరకడమే గగనమైంది.

గది దాటి నాంపల్లి వైపు నడిచినా అదే మాట వెంట వస్తుంది. దుకాణంలో సోఫా సెట్టు, బండి మీద సెట్ దోశ. స్టేషన్ ఎదురుగా చాయ్ తాగుతుంటే పక్క బల్ల దగ్గర ఎవరి కూతురికో సంబంధం సెట్ అవుతుంటుంది. కోర్టు నుంచి వచ్చినవాళ్ళు రాజీ సెట్ అయిందని ఇంకో చాయ్ చెబుతారు. రోడ్డు మీద బండికి బండి తగిలితే, ఒకడు ఇంకొకణ్ణి సెట్ చేస్తానని బెదిరిస్తాడు. ఇంత పనిమంతురాలు దొరికాక వేరే మాటలతో నాకేం పని? తెలుగు మాటలన్నిటినీ మడతపెట్టి బీరువాలో పెట్టేశాను.

వాటిని బయటికి తీయించింది ఒక టీచరమ్మ. మెదక్ వైపు మిషన్ బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఇప్పుడు నాంపల్లిలో కిరాయికి ఉంటున్నారు. మా సందు వెనక చర్చి ఉంది. ఆ చర్చి కొయర్‌లో, అంటే పాటల బృందంలో, ఆమె పాడతారు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఒక పాటలోని ఒక చరణం ఆమె ఒక్కరే పాడాలి. అది వాళ్ళ అమ్మ నేర్పిన పాట. పై పళ్ళన్నీ తీయించుకున్న ఏడాది ఆ చరణం వేరొకరు పాడారు. ఈసారి కూడా పాడకపోతే ఇక ఎవరూ తనను అడగరని ఆమె దిగులు. ఆ మాట నవ్వుతూనే చెప్పారు గానీ, చెప్పినంతసేపూ కొంగు నోటికి అడ్డంగానే ఉంది.

పళ్ళు లేవని సిగ్గుపడుతున్నారేమో అనుకున్నాను. కాదట, అది చిన్ననాటి అలవాటట. ముందు రెండు పళ్ళ మధ్య సందు ఉండేదట. నవ్వాలన్నా, తరగతిలో పాఠం చెప్పాలన్నా కొంగో పుస్తకమో అడ్డం పెట్టుకునేవారట. పోలిక కోసం పాత ఫోటో అడిగితే పెళ్ళి ఫోటో తెచ్చారు. అందులో పెళ్ళికొడుకు ఇద్దరి వంతూ తానే నవ్వుతున్నాడు, ఈమె పెదవులు బిగించి ఉన్నాయి.

"దేవుడు మళ్ళొక మోకా ఇచ్చిండు బిడ్డా," అన్నారు. "గా సందు మాత్రం పెట్టకు."

అబిడ్స్‌లో సందు లేని జాగా ఎక్కడుంది, మీ నోట్లోనైనా కడదాం అన్నాను. ఆమె నవ్వలేదు. మనసు పెట్టి పని చేశాను. వరస తీర్చిన ముత్యాలంటారే, అలా వచ్చింది సెట్టు. డాక్టరుగారు నోట్లో పెట్టి చూసి సరేనన్నారు. ఆమె పైకొచ్చి నా గోడకున్న అద్దంలో చూసుకున్నారు. కొంగు తీశారు. అద్దంలోంచే నాకేసి నవ్వారు.

"సెట్ అయింది టీచరమ్మా," అన్నాను.

ఆమెలోని టీచరు లేచి కూర్చుంది. సెట్ అంటే ఏమిటో తెలుగులో చెప్పమన్నారు. నేను బీరువా తెరిచి తడుముకున్నాను. కుదిరింది, అమరింది, ఒదిగింది, సరిపోయింది, అతికింది... ఏదో ఒకటి తీసుకోండి, అన్నీ ఒకటే కదా అన్నాను. అన్నీ ఒకటే అయితే ఇన్ని ఎందుకు పుడతాయని అడిగారు. ఇంగ్లీషు డిక్షనరీలో ఆ చిన్న మాటకు పేజీలకు పేజీలున్నాయట. అది కూడా నా నాలుకలాగే ఒక్క చోట నిలబడే రకం కాదట.

గుడ్ ఫ్రైడేకి వారం ఉందనగా ఆమె మళ్ళీ మెట్లెక్కి వచ్చారు. కుర్చీలో కూర్చుని ఆ చరణం అందుకున్నారు. గొంతు బాగుంది. కానీ 'స' వచ్చిన ప్రతిచోటా 'శ' పలుకుతోంది. ఆ చరణమంతా సిలువ చుట్టూనే తిరుగుతుంది. శిలువ అనేవాళ్ళు కూడా ఉన్నారు కదా, ఎవరు పట్టించుకుంటారు అన్నాను.

"మా అమ్మ సిలువ అన్నది," అన్నారామె.

సెట్టు లోపలి వైపు అరగదీసి పలచన చేశాను. పాడించాను. మళ్ళీ అరగదీశాను. గాలి ఎక్కడో దారి వెతుక్కుంటున్నట్టుంది తప్ప 'స' రాలేదు. అప్పుడు తట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ నాలుక 'స'ను ఆ సందులోంచే బయటికి పంపింది. నేను ఆ దారికి గోడ కట్టేశాను.

చేతిలోని పని పక్కన పెట్టాను. ఎప్పుడూ నోరు మూయని మనిషిని, ఈసారి మాత్రం మెల్లగా అన్నాను.

"టీచరమ్మా, గా సందు పెడితెనే పాట వస్తదేమో."

ఆమె అద్దం దగ్గరికెళ్ళి నిలబడ్డారు. చాలాసేపు పళ్ళు చూసుకున్నారు. ఓసారి నవ్వి చూశారు, ఓసారి పెదవులు మూసి చూశారు. కింద సందులో ఆటో హారన్ కొట్టి కొట్టి ఊరుకుంది. ఆమె సెట్టు తీసి నా చేతిలో పెట్టారు.

"పెట్టు. జరంతే పెట్టు."

సన్నటి బిళ్ళ మోటారుకు బిగించి, ముందు రెండు పళ్ళ మధ్య గీత గీసినట్టు కోశాను. నునుపు చేశాను, కడిగిచ్చాను. ఆమె కుర్చీలో కూర్చోలేదు, నిలబడే పాడారు. సిలువ సిలువలాగే వచ్చింది.

"మొన్న అమరినయి," అన్నారు. "ఇయ్యాల కుదిరినయి. గిప్పుడు సమజైందా, అన్నీ ఒకటి కావని?"

శుక్రవారం మధ్యాహ్నం మోటారు ఆపేసి చర్చి వైపు కిటికీ తెరిచాను. ఎండకు సందంతా సద్దుమణిగి ఉంది. నలుగురి గొంతులూ తగ్గాక ఒక్క గొంతు మిగిలింది. చరణం అయ్యేదాకా నేను ఎవరినీ ఏమీ అనలేదు. దీనికి సాక్షులు లేకపోవడం నా దురదృష్టం.

ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎవరెవరో ఆమె చేతులు పట్టుకుని మాట్లాడుతున్నారు. ఆమె నవ్వుతున్నారు, కొంగు భుజం మీదే ఉంది. నన్ను చూసి దగ్గరికొచ్చారు. బాగా పాడారని చెప్పడానికే వెళ్ళాను. నా నాలుక ఊరుకుంటుందా?

"అందరు మిమ్మల్ని మెచ్చుకుంటున్నరు గని టీచరమ్మా, పాడింది నా పండ్లు కదా," అన్నాను.

ఆమె కొంగు సర్దుకున్నారు, నోటి మీద కాదు, భుజం మీద.

"పండ్లే పాడుతయంటె, నీ నోట్ల అన్నీ సొంతయే ఉన్నయి గద బిడ్డా. ఇన్నేండ్లల్ల ఒక్క మంచి మాటన్న సెట్ కాలేదేంది?"