గుడారంలో గుంత

ప్రయాణమున్న రోజు మా ఇంట్లో ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగరు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు కాలేజీకి బస్సులో వెళ్లే రోజుల్లో నాకూ అలవాటైంది. అక్కడి బస్టాండులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి ఒకసారి వెళ్లాను, గడప దాటలేదు. నేలంతా తడి. అందులో ఏది నీళ్లో ఏది కాదో తెలియలేదు. చున్నీతో ముక్కు మూసుకుని వెనక్కి తిరిగాను. ఆ తరువాత ఏ రోజూ సాయంత్రం ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకోవడమే తప్ప కడుపునిండా నీళ్లు తాగిన గుర్తు లేదు.

ఆ అలవాటునే హిమాలయాలకు మోసుకుపోయాను.

కొండల్లో ఊరి నుంచి ఊరికి రోజుల తరబడి నడిచి, చివర రెండు శిఖరాల నడుమ ఉన్న మంచు కనుమ ఎక్కి దిగే యాత్ర అది. పులివెందులలో ఉండే మా పెద్దమ్మ కొడుకు, ప్రొద్దుటూరులోని తన స్నేహితులిద్దరితో కలిసి బయల్దేరుతుంటే, తోడు కోసం అతని భార్య, మా వదిన, నన్ను పిలిచింది. స్నేహితుల్లో ఒకరిది బట్టల కొట్టు, ఒకరిది బంగారు కొట్టు. వదిన ఉందని నాన్న ఒప్పుకున్నాడు, ఈ ఒక్కసారికే అన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు తలుపులు మూసుకుని నేను చదివిన పుస్తకాల్లో ఎవరో ఒకరు కనుమ ఎక్కి అవతలి వైపు చూసేవారు. ఆ అవతలి వైపు ఒక్కసారి చూడాలి. ఆ యాత్రలో నాకు కావలసింది అదొక్కటే.

అలవాటు కావాలని అన్న మమ్మల్ని ముందుగా గండికోట లోయ అంచున రాళ్ల మీద నడిపించాడు. అక్కడా నేను నీళ్లు తాగలేదు. ఏమీ కాలేదు.

మొదటి మజిలీ పలకరాళ్ల కప్పుల ఊరు. కింద పశువులు, పైన మనుషులు ఉండే కొయ్య ఇంట్లో దిగాం. ఊరి పక్కనే ఊట ఉంది. ఇంటావిడ మాత్రం వీపున డబ్బా కట్టుకుని ఎక్కడో పైనుంచి నీళ్లు తెచ్చింది. ఎందుకని వచ్చీరాని హిందీలో అడిగాను. ఆవిడ ఊట చుట్టూ ఉన్న రాళ్లను చూపించి ముఖం తిప్పుకుంది. వెళ్లి చూశాను. ప్రతి రాయి వెనకా ఎండిన మలం, దాని మీద తెల్ల కాగితాలు. మాలాగా నడవడానికి వచ్చినవాళ్లు వదిలి వెళ్లినవి. అంత దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లతో ఆవిడ మాకే టీ కాచి ఇచ్చింది. ఆ కప్పు పట్టుకోవడానికి నాకు రోతగా అనిపించింది. ఆవిడ మీద కాదు, మా మీద.

ఆఖరి ఊరు దాటాక ఇళ్లు లేవు. మజిలీ చేసిన చోటల్లా మా గైడు, అతని మనుషులు మరుగుదొడ్డి కోసం ఒక సన్నటి నిలువు గుడారం వేసేవారు. అందులో నేల మీద ఒక గుంత, పక్కన మట్టికుప్ప, ఒక చిన్న పార. అయ్యాక మట్టి కప్పాలి. మగవాళ్లు కప్పేవారు కాదు. గుంత దాకా పోయే ఓపిక కూడా అందరికీ ఉండేది కాదనుకుంటాను. జిప్పు తెరవగానే లోపలి వెచ్చటి గాలి ముఖానికి కొట్టేది. అంత చలిలోనూ ఈగలుండేవి. బంగారు కొట్టాయన బయటికి వచ్చి, వెంట తెచ్చుకున్న బొరుగులతో చేసిన ఉగ్గాని తింటున్న మా ముందే కడుపు నిమురుకుంటూ అనేవాడు:

"పోయిరాపో మామా, శానా బాగుండాది. ఏసీ రూమే!"

బట్టల కొట్టాయన నోట్లో ముద్దతోనే నవ్వేవాడు. నేను పళ్లెం పక్కన పెట్టేసేదాన్ని.

ప్రతి సాయంత్రం గైడు అందరి ముందే అడిగేవాడు: నీళ్లు బాగా తాగారా, బయటికి ఎన్నిసార్లు వెళ్లారు? అంత ఎత్తులో నీళ్లు తాగకపోతే మనిషి పడిపోతాడని చెప్పేవాడు. "నాది లెక్కపెట్టాలంటే ఒక మనిషిని పెట్టాల" అనేవాడు అన్న. వాళ్ల నవ్వుల మధ్య నేను తల ఊపేసేదాన్ని. వదినా ఊపేది.

కనుమకు ముందు రోజు తల పగిలిపోయేలా నొప్పి. మజిలీ చేరకముందే రెండుసార్లు వాంతి. గైడు నా కళ్లలోకి చూసి, పొద్దుటికి తగ్గకపోతే సామాన్లు మోసే కంచరగాడిదలతో కిందికి పంపేస్తానన్నాడు.

"ఆడోళ్లను పిల్చుకోని రావద్దని నేను ముందే అన్యా" అన్నాడు అన్న. "దిగిపోనీలే. మనం పోదాం పైకి."

మేమిద్దరం పడుకునే గుడారంలో వదిన నా పక్కన కూర్చుంది.

"నీళ్లు తాగినావా మే?"

"తాగినా వదినా."

"నా మొగం చూసి చెప్పు. ఎప్పుడు తాగినావు?"

 వదిన తన సీసా తీసి చూపించింది. పొద్దున నింపింది నింపినట్టే ఉంది.

"నేనూ తాగల్యా. ఆ గుంత కాడికి పోవాల్సి వస్తాదని."

ఆ మాట అని లేచి బయటికి వెళ్లింది. గుడ్డ గోడ అవతల అంతా వినిపిస్తూనే ఉంది. పార నేలకు తగిలిన చప్పుడు, వెంటనే అన్న గొంతు.

"ఏంది, ఈడ సేద్యం చేస్తాండావా?"

"గుంత తవ్వుతాండా. మీరు నింపినదాంట్లో మాకు చోటు ల్యా."

"మేమేం చేసినాం వదినా?" అన్నాడు బంగారు కొట్టాయన.

"ఏం చేసినారో పోయి చూసుకో. కండ్లుండాయి గదా. పాపకు రోగమూ ల్యా, ఏమీ ల్యా. మీ గబ్బుకు భయపడి నీళ్లు తాగల్యా, అంతే."

నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను. ఇంట్లో అమ్మతో కూడా చెప్పని సంగతి ఇప్పుడు పరాయి మగవాళ్లందరికీ తెలిసిపోయింది. వదిన మీద కోపం వచ్చింది. కానీ దాహం అంతకన్నా ఎక్కువగా ఉంది.

వదిన తను తెచ్చుకున్న పాత నూలు చీరను రెండు బండల మధ్య అడ్డం కట్టింది. దాని వెనక కొత్త గుంత, పచ్చి మట్టి వాసన. ఎన్నో రోజుల తరువాత ముక్కు మూసుకోకుండా కూర్చున్నాను. చీకటి పడేదాకా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూనే ఉన్నాను. నేను చీర వైపు నడిచిన ప్రతిసారీ టీ తాగుతున్నచోటు నుంచి బంగారు కొట్టాయన గట్టిగా లెక్కపెట్టాడు. అన్న వారించలేదు, నవ్వాడు. అతని పళ్ల సందున ఇరుక్కున్న వక్కపొడి ఎర్రగా కనిపించింది. నాకు మళ్లీ వాంతి వచ్చేలా అనిపించింది, కానీ నీళ్లు పోతాయేమోనని ఆపుకున్నాను.

పొద్దున తలనొప్పి తగ్గింది. గైడు నన్ను కాసేపు అటూ ఇటూ నడిపించి చూసి, పైకే రమ్మన్నాడు.

కనుమ మీదికి మగవాళ్లు ముందు చేరారు. జెండాలు కట్టిన రాళ్లకుప్ప పక్కనే మంచులో పసుపుపచ్చ రంధ్రాలు. ఇంకా ఆవిరి లేస్తోంది. చుట్టూ బిస్కెట్ పొట్లాలు, సీసాలు. అన్న ప్యాంటు జిప్పు లాక్కుంటూ, "ఈ పక్కకు రావద్దండి, ఆ పక్క నిలబడుకోండి" అని కేకేశాడు. ఆ పక్క నిలబడి అవతలి వైపు చూశాను. గోధుమరంగు లోయ, అట్టడుగున ఒక ఊరు, పొగ. నేను చదివినదానికన్నా చాలా బాగుంది. ఆ ఊరివాళ్లు నీళ్లు ఎక్కడి నుంచి మోసుకుంటారో అన్న ఆలోచన కూడా వెంటనే వచ్చింది. దాన్ని తోసేయడం నా వల్ల కాలేదు.

తిరిగి వచ్చి ప్రొద్దుటూరు బస్టాండులో దిగాం. అన్నావదినలు పులివెందుల బస్సెక్కాలి, నేను జమ్మలమడుగు బస్సు. ఎండ మండిపోతోంది. ఆడవాళ్ల మరుగుదొడ్డి నుంచి అదే వాసన, అదే తడి. అన్న సంచులు మాకు అప్పజెప్పి గోడ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ వరుసలో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

వదిన సీసా మూత తీసి నాకు అందించింది.

"తాగు మే. పెదవులు ఎండిపోయినాయి."

"ఇంటికి పోయినాక తాగుతాలే వదినా. నువ్వు తాగు."

వదిన మరుగుదొడ్డి వైపు చూసింది, గోడ వైపు చూసింది. మూత బిగించి సీసా సంచిలో పెట్టేసింది.