లెఫ్ట్ వింగ్ డ్యూటీ

నేను ప్రొఫెషనల్ ఐస్ హాకీ ఆటగాణ్ణి. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి, మధ్యలో ఆపితే నాకు చిరాకు. మస్కట్‌లో మా జట్టు మొత్తంలో ఆడినందుకు జీతం తీసుకున్నది నేనొక్కణ్ణే. మిగతావాళ్లంతా, అంటే ఆయిల్ కంపెనీ ఇంజినీర్లు, ఒక పళ్ల డాక్టరు, కొందరు ఒమానీలు, ఫీజు కట్టి మరీ ఆడేవాళ్లు. నాకు మాత్రం శుక్రవారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా టైమ్‌షీట్‌లో డ్యూటీ అని పడేది. సరదాకి ఆడేవాడికీ ప్రొఫెషనల్‌కీ తేడా అదే కదా. నా కెరీర్ ఒక సీజన్. కొట్టిన గోల్స్ సున్నా.

జగిత్యాల పక్క ఊరి నుంచి నేను ఒమాన్ వచ్చింది సిమెంటు పనికి. అల్ అమెరాత్‌లో విల్లాలకు ఫ్లోరింగ్ వేసేవాళ్లం. నాలుగేళ్లకు ఆ కంపెనీ చేతులెత్తేసింది. తెలిసినాయన ఒకరు పూనుకుని ఐస్ రింక్ నడిపే కంపెనీలోకి వీసా మార్పించాడు. అంటే ఒక పెద్ద హాలు, దాని నిండా గడ్డకట్టించిన నేల, దాని మీద జనం బ్లేడు బూట్లు వేసుకుని జారుతుంటారు. బయట ఎండకి చెప్పులు తారుకు అతుక్కుంటుంటే లోపల నేను మంకీ క్యాప్ పెట్టుకునేవాణ్ణి. ఏం పని అని మా ఆవిడ ఫోన్లో అడిగితే "నేల సాపు చేసే పని" అన్నాను. అబద్ధం కాదు. నేల ఐస్‌ది, అంతే.

ఐస్‌ను సాపు చేయడానికి ఒక బండి ఉంటుంది. కింద బ్లేడు ఐస్‌ను పల్చగా చెక్కుతుంది, వెనక వేలాడే గుడ్డ వేడినీళ్లు పరుస్తుంది. అవును, వేడినీళ్లే. అవైతేనే గీతల్లోకి దిగి గట్టిగా పడతాయి. గుంటలకు మాత్రం బండి పనికిరాదు. చెక్కగా వచ్చిన పొడిని చన్నీళ్లలో కలిపి ముద్ద చేసి, గుంటలో కూరి, అరచేత్తో సర్ది వదిలేయాలి. పదిహేను నిమిషాలు దాని మీద ఎవడూ కాలు పెట్టకూడదు. నా లెక్కలో అది సిమెంటే. పచ్చి ఫ్లోరింగ్ మీద కాలు పెట్టినవాణ్ణి అమెరాత్‌లో మా మేస్త్రీ ఏమనేవాడో ఇక్కడ రాయలేను. ఆడవాళ్లు కూడా చదువుతారు.

స్కేట్స్ మీద నిలబడటం ఆ పని కోసమే నేర్చుకున్నాను. స్కేట్స్ అద్దెకిచ్చే కౌంటర్లో హైదరాబాద్ పాతబస్తీ మనిషి ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, నా రూమ్‌మేట్ కూడా. నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. రింక్ వెనక స్టోర్‌ని ఆనుకుని ఉన్న రూమ్ మాది. కిటికీ లేదు, మంచాలు రెండు. మొదటి నెలంతా నేను పడ్డప్పుడల్లా భాయ్ కౌంటర్లోంచి "ఔర్ ఏక్!" అని, ఇంకోటి పడిందని లెక్కపెడుతూ అరిచేవాడు. కస్టమర్లు కూడా అతనితో కలిసి అరవడం మొదలుపెట్టాక మేనేజర్ మానిపించాడు.

నన్ను జట్టులోకి తీసుకున్నది కెప్టెన్. నలభై దాటిన ఒమానీ, ఏదో ప్రభుత్వ ఆఫీసులో పెద్ద ఉద్యోగం. కుర్రతనంలో చదువుకోవడానికి చలిదేశం వెళ్లి ఈ పిచ్చి అంటించుకుని వచ్చాడు. మా అందరితో హిందీలో మాట్లాడేవాడు. జట్టులో లెఫ్ట్ వింగర్‌కు వేరే దేశం బదిలీ అయింది. ఆట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: గోల్ కాసేవాడు కాక ఐదుగురు ఆడతారు. బంతి బదులు నల్ల రబ్బరు బిళ్ల, దాన్ని పక్ అంటారు. ఎడమ గోడ వెంట పైకీ కిందికీ ఉరికేవాడు లెఫ్ట్ వింగర్. గోడ వదిలి మధ్యలోకి పోయాడంటే జట్టు చెడుతుంది.

ఒకరోజు నేను పార పట్టుకుని పొడి తోస్తుంటే కెప్టెన్ చాలాసేపు చూశాడు.

"తుమ్ దీవార్ నహీ ఛోడ్తా," అన్నాడు. నువ్వు గోడ వదలవు అని.

నేనెందుకు వదులుతాను? బండి తోలేటప్పుడు మొదటి చుట్టు గోడ వెంటే వెయ్యాలి. అలవాటయి కాళ్లు కూడా అటే పోతాయి. దాన్ని ఆయన ప్రతిభ అనుకున్నాడు. మేనేజర్‌తో మాట్లాడాడు. జట్టు కట్టే శుక్రవారాల అద్దె పోకూడదని మేనేజర్ వెంటనే ఒప్పుకుని టైమ్‌షీట్‌లో డ్యూటీ రాయించాడు. నన్నెవరూ అడగలేదు. అడిగితే నేను వద్దనేవాణ్ణి, కాబట్టి మంచిదే అయింది.

ఎందుకంటే ఆ ఆట నాకు ప్రాణమైపోయింది. ఇందులో దాచడానికేం లేదు. ముప్పై ఆరేళ్లొచ్చాక నేను పని కాని పని ఒకటి చేస్తున్నాను, అది నాకు వస్తోంది. ఎమర్జెన్సీ డోర్ దగ్గర ఐస్ మెత్తగా ఉంటుంది, అక్కడ పక్ నెమ్మదిస్తుంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. పక్ అక్కడికి చేరేసరికి నేను ముందే నిలబడి ఉండేవాణ్ణి. ఇంజినీర్లు ఆశ్చర్యపోయేవాళ్లు.

ఇబ్బంది ఒక్కటే. ఆట మూడు భాగాలు. మధ్యలో రెండు బ్రేకులు. బ్రేకులో అందరూ నీళ్లు తాగుతూ కెప్టెన్ చెప్పే ప్లాన్ వినేవాళ్లు. నేను స్కేట్స్ విప్పి, గమ్‌బూట్లు తొడిగి, బండి తోలి, మళ్లీ స్కేట్స్ కట్టుకుని వచ్చేవాణ్ణి. సీజన్ మొత్తంలో మా జట్టు ప్లాన్ ఏమిటో నాకు ఒక్కసారీ తెలియలేదు.

జెర్సీ పాత వింగర్‌ది. వీపు మీద అతని పేరు ఉండేది. దాని మీద భాయ్ నల్ల టేపు అడ్డంగా అంటించాడు. చెమటకు అంచులు లేచిపోయేవి, ప్రతి శుక్రవారం ఆటకు ముందు భాయ్ నా వీపు మీద చరిచి మళ్లీ అతికించేవాడు. ఫోటో పంపితే మా ఆవిడ వెంటనే ఫోన్ చేసింది.

"గా అంగి మీద అందరికి పేర్లున్నయి. నీకేమొ గాయమైనట్టు పట్టీ ఉన్నదేందయ్యా?"

"నా పేరు తర్వాత వేస్తరట."

"తర్వాతెప్పుడు? మనిషివి ఆడ్తనే ఉన్నవ్ గద. గా ఎండల దేశంల ఐసుగడ్డ మీద ఉరుకుడే ఇచ్చంత్రం, పేరు గూడ లేకుంట ఉరుకుడా?"

ఆమె బట్టలు కుట్టే మనిషి. అంగి మీద పట్టీ ఆమె కంటికి నచ్చదు. నిజం చెప్పొద్దూ, నా కంటికీ నచ్చేది కాదు.

రంజాన్‌కు ముందు చివరి శుక్రవారం దుబాయ్ నుంచి ఒక జట్టు వ్యాన్లో వచ్చింది. ఆటకు ముందు కెప్టెన్ నన్ను పక్కకు పిలిచాడు. ఈద్ తర్వాత తన స్నేహితుడి కంపెనీకి కెనడా ఇంజినీర్ ఒకడొస్తున్నాడని, చిన్నప్పటి నుంచి లెఫ్ట్ వింగే ఆడాడని, జట్టంతా అతణ్ణే పెట్టమంటున్నారని చెప్పాడు. మంచి మనిషి, కళ్లలోకి చూసే చెప్పాడు.

"ఆజ్ ఏక్ గోల్ మారో," అన్నాడు. ఇవాళ ఒక్క గోల్ కొట్టు, ఇక ఎవరూ నోరెత్తరు. ఆ చోటు నీదే. టేపు పీకేసి నీ పేరు నేనే వేయిస్తా.

నేను సరేనన్నాను. ఇంకేం అంటాను?

ఆ రోజు పొద్దున అమ్మాయిల స్కేటింగ్ క్లాసు జరిగింది. వాళ్ల స్కేట్స్‌కు ముందు పళ్లుంటాయి, గెంతినప్పుడల్లా ఐస్‌ను పొడుస్తాయి. ఎడమ వైపు గోల్ ముందర ఒక గుంట పడింది. పిడికిలి పట్టేంత. ఆటకు ముందే ముద్ద కూరాను. రెండో బ్రేకులో చూస్తే అంచు కొంచెం ఊడింది. బండి తోలాక దిగి మోకాళ్ల మీద కూర్చుని ఇంకో ముద్ద పెట్టాను. అరచేత్తో సర్దాను. మేనేజర్ గేటు దగ్గర నిలబడి "యల్లా యల్లా" అని తొందరపెడుతున్నాడు. స్కేట్స్ కట్టుకుని ఆటలోకి ఉరికాను.

స్కోరు రెండు రెండు. ఆట అయిపోవస్తోంది. పక్ ఎమర్జెన్సీ డోర్ దగ్గరికి దొర్లింది, నెమ్మదించింది, నేను అక్కడే ఉన్నాను. తీసుకుని గోడ వెంట ఉరికాను. దుబాయ్ వాళ్లు ఇద్దరు ఒకరికొకరు తగిలి పడ్డారు. ఎదురుగా గోల్ కాసే గోలీ ఒక్కడే. వాడు కంగారులో కుడి వైపుకు పోయాడు. గోల్‌లో ఎడమ సగం తలుపు తీసి పెట్టినట్టు ఖాళీగా ఉంది. నా జన్మలో మొదటిసారి గోడ వదిలి లోపలికి తిరిగాను. వెనక భాయ్ గొంతు, "మార్! మార్!"

అప్పుడు నాకు ముద్ద కనిపించింది.

సరిగ్గా నా దారిలో ఉంది. మిగతా ఐస్ కంటే తెల్లగా, గుండ్రంగా. నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే గోల్ కొట్టేవాణ్ణి. నా కాళ్లే పక్కకు తిరిగాయి. పచ్చి పని చుట్టూ తిరిగి వెళ్లడం వాటికి తెలుసు. నేను ఇటు తిరిగాను, పక్ అటు పోయింది. గోల్ పక్క నుంచి జారి గోడకు తగిలి దుబాయ్ వాళ్లకు దొరికింది. వాళ్లు దాన్ని ఆ చివరికి తీసుకెళ్లి మా గోల్‌లో వేశారు. ఖలాస్.

కెప్టెన్ అరవలేదు. అరిస్తే బాగుండేది. దగ్గరికొచ్చి, ఎందుకు తిరిగావని మాత్రం అడిగాడు.

"గీలా థా," అన్నాను. తడిగా ఉంది అని.

ఆయన ఐస్ వైపు చూశాడు. ఐస్ అన్నాక తడిగా ఉండదా అన్నట్టు నా వైపు చూశాడు. భుజం తట్టి వెళ్లిపోయాడు. భాయ్ మాత్రం కౌంటర్ దాటి వచ్చేశాడు.

"ఏం హౌలాగానివి రా నువ్వు! దర్వాజా ఖుల్లా ఉంటే ఉల్టా తిరుగుతవా? ఆడ పామున్నదా?"

"ముద్ద పచ్చిగ ఉంది భాయ్."

"పచ్చిదో, ఎండిందో, పొయ్యి చూసినవా?"

చూడలేదు. అందరూ వెళ్లాక చూశాను. బండి తోలాలి కదా, ఇంకా జెర్సీతోనే ఉన్నాను. ముద్ద దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలితో నొక్కాను. రాయి. గోరు కూడా దిగలేదు. ఎప్పుడో గట్టిపడింది. ఆ మూడో భాగంలో ఎవరెవరో దాని మీద నుంచే పోయినట్టు బ్లేడు గీతలు కూడా ఉన్నాయి. ముద్ద చెక్కుచెదరలేదు. అది పచ్చిగా ఉందనుకున్నది ఆ హాల్లో నేనొక్కణ్ణే. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎక్కువసేపు కాదు, కన్నీళ్లు ఐస్‌కు మంచివి కావు, ఉప్పు.

సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసింది.

"గోల్ వడ్డదా?"

లేదని చెప్పి, జరిగినదంతా చెప్పాను. ఆమె కుట్టుమిషన్ ఆపింది.

"నువ్వేసిన నేల మీద నువ్వే కాలు వెట్టకపాయె. ఇగ మంది ఎట్ల వెడ్తరయ్యా?"

సిగ్నల్ సరిగా లేదన్నాను. సిగ్నల్ నిండుగా ఉంది.

ఈద్ తర్వాత కెనడా ఇంజినీర్ వచ్చాడు. పొడుగు మనిషి, మర్యాదస్తుడు, స్కేట్స్ బ్లేడుకు సాన పట్టించుకున్న ప్రతిసారీ నాకు థ్యాంక్స్ చెబుతాడు. మొదటి శుక్రవారమే రెండు గోల్స్ కొట్టాడు. ఒకటి ఆ ముద్ద పెట్టిన చోటు మీదుగానే. నేను గేటు వెనక బండి మీద కూర్చుని ముందు ఐస్ వైపు చూశాను, తర్వాత గోల్ వైపు. పది నుంచి పన్నెండు దాకా నాకు ఇప్పటికీ డ్యూటీయే, పక్కన మెయింటెనెన్స్ అని రాస్తున్నారు.

జెర్సీకి కొత్త పేరు వేయించాలని టేపు పీకింది భాయే. జిగురంతా పోయిన ఆ నల్ల ముక్కను ఉండ చుట్టి చెత్తబుట్టలో వెయ్యబోతుంటే చెయ్యి చాపాను.

"ఇదేం చేసుకుంటవ్ రా?"

"రూముల కిటికీ సందుకు ఏస్తా."

మా రూమ్‌కు కిటికీ లేదు. భాయ్ నా మొహం చూసి, ఉండను విప్పి, మోకాలి మీద పెట్టి సాపు చేసి ఇచ్చాడు.