ఎడమ చేతులు

కర్నూలులో పన్నెండేళ్ళు లెక్కలు చెప్పి, శేరిలింగంపల్లిలో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో చేరాను. ఇక్కడ పాఠం బాగా చెబితే చాలదట, పిల్లలంతా పాల్గొనాలట. ఎంతమంది చేతులెత్తారో కోఆర్డినేటర్ వెనక బెంచీలో కూర్చుని రాసుకుంటుంది. ఆవిడ మంచిగా రాస్తేనే నా ఉద్యోగం పర్మనెంటు. లేదంటే పెట్టె సర్దుకోవాల్సిందే.

నాకేం భయం? ఇన్‌స్పెక్షన్లు ఎన్ని చూడలేదు! ముందురోజు ఆరో తరగతి పిల్లలకు మా పాత హెడ్మాస్టరు ఉపాయం చెప్పాను. "రేపు ఏమడిగినా అందరూ చెయ్యెత్తాల. జవాబు తెలిసినోళ్ళు కుడి చెయ్యి, తెలీనోళ్ళు ఎడమ చెయ్యి." కుడి చేతులవాళ్ళనే లేపుతానని మాత్రం చెప్పలేదు.

మర్నాడు భిన్నాల పాఠం. ఒక్క చెయ్యి కింద లేదు. కుడి చేతుల్నే ఏరి లేపుతున్నాను, జవాబులు టకటకా వస్తున్నాయి. మధ్య బెంచీలో లింగంపల్లి పిల్ల ఒకతి, ఏడాదంతా చెయ్యెత్తని పిల్ల, ఎడమ చెయ్యి ఎత్తింది. ప్రశ్నలు మారినా దించదే! దించవే తల్లీ అని లోపల మొక్కుకుంటూ చూడనట్టే ఉన్నాను. కోఆర్డినేటర్ చూసేసింది.

"ఇందాకట్నించీ ఎత్తే ఉంచావు, నువ్వు చెప్పమ్మా" అంది.

"నాకు తెల్వదు మేడమ్. తెల్వనోళ్ళు ఎడమ చెయ్యి లేపాలని మా మేడమ్ చెప్పింది. దగ్గరికొచ్చి మంచిగ చెప్తది."

ఆ చివరి మాట నేనెప్పుడూ అనలేదు.

క్లాసయ్యాక కోఆర్డినేటర్ మొహం వెలిగిపోతోంది. "ఎంత మంచి పద్ధతండీ! తెలియదని చెప్పడానికి పిల్లలకు సిగ్గే లేదు. సోమవారం టీచర్లందరికీ మీరే చెప్పాలి."

అవునండీ అంటే సరిపోయేది. కానీ ఛీ, ఆ పిల్ల నమ్మకాన్ని నా గొప్పగా చెప్పుకోనా అనిపించి, ఉన్నదున్నట్టు కక్కేశాను. ఆవిడ రాసుకున్న పుస్తకం మూసేసింది.

"మీ కన్ఫర్మేషన్ సంగతి తర్వాత చూద్దాం లెండి. ఆ పాపకు లెక్క చెప్పారా?"

"లేదండీ."

"ముందు అది చూడండి."

పర్మనెంటు కావడానికి నాకు ఇంకో ఆర్నెల్లు పట్టింది. పట్టనీ. ఆ రోజు మాత్రం నేరుగా క్లాసుకు వెళ్ళాను. అందరూ భోజనానికి పోయినా ఆ పిల్ల నోటుబుక్కు తెరుచుకుని కూర్చునే ఉంది. పక్కన కూర్చున్నాను. ముద్దొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అంతసేపు ఎట్లా ఎత్తి పెట్టినావే? నొప్పి పుట్టలేదా?"

"పుట్టింది మేడమ్. దించితే నాకు రాదని మీకెట్ల ఎరుకైతది?"