ఇద్దరు పట్టే వంటిల్లు

జనగామలో మేం కొన్న జాగా వెడల్పు పదమూడు అడుగులు. అటు ఒక ఇల్లు, ఇటు ఒక ఇల్లు, మధ్యలో మాది. అప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం అందరం సమ్మెలో ఉన్నాం. నేను బడి పంతుల్ని. బడి మూతపడితే పంతులు ఊరికే కూర్చోలేడు కదా, ఇంటి ప్లాను నేనే గీశాను.

అందులో నాకు బాగా నచ్చింది స్కూటర్ గది. ఎండా వానా తగలకుండా బండికి ఒక నీడ. అది పోగా మిగిలిన దాంట్లో వంటిల్లు.

మా ఆవిడ ఇల్లంతా నాకే వదిలేసి ఒక్కటే అడిగింది. "వంటింట్ల ఇద్దరు మనుషులు పట్టాలె."

"వండేది నువ్వొక్కదానివే గదా. రెండో మనిషెందుకు?" అన్నాను.

ఆమె చాట అందుకుని బియ్యం చెరగడానికి వెళ్లింది. నేను గెలిచాననుకున్నాను.

మేస్త్రి వచ్చి నేల మీద సున్నంతో ముగ్గు పోశాడు. పునాది ఎక్కడ తవ్వాలో ఆ తెల్ల గీతలే చెబుతాయి. మర్నాడు తవ్వుదామంటే బంద్ వచ్చిపడింది. మా వాడకట్టు ఆడవాళ్లంతా రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. పొయ్యిలకు మా ఇటుకలే పోయాయి. రాష్ట్రం కోసమంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

రోడ్డు మీద గాలికి మంట నిలవలేదు. మా జాగాకు రెండు పక్కలా గోడలున్నాయని మా ఆవిడ ఒక పొయ్యి లోపలికి తెచ్చి, సరిగ్గా వంటింటి ముగ్గులోనే పెట్టింది. సాయానికి పక్కింటి అవ్వ కూర్చుంది. మా ఆవిడ గంటె తిప్పినప్పుడల్లా మోచెయ్యి అవ్వకు తగులుతోంది. అవ్వ జరిగి జరిగి నా స్కూటర్ గదిలోకి వచ్చేసింది.

"గిదేం అర్ర బిడ్డా, గింత పెద్దగున్నది?"

"సారు బండి పండుకునే అర్ర, అవ్వా" అంది మా ఆవిడ.

"బండి వంట చేస్తదా?"

పప్పన్నానికి కూర్చున్న వాడకట్టంతా నవ్వింది. పొద్దుటి నుంచి నినాదాలిచ్చిన నా గొంతు ఆ పూట ముద్ద మింగడానికే పనికొచ్చింది.

జనం వెళ్లాక చూస్తే వంటింటికీ స్కూటర్ గదికీ మధ్య గీత కాళ్ల కింద చెరిగిపోయింది. మా ఆవిడ తట్టలో సున్నం తెచ్చి, అవ్వ కూర్చున్న చోటు దాకా కొత్త గీత పోసింది. నాకు కోపం వచ్చింది. కానీ అడ్డుపడలేదు. రోజూ వాకిట్లో ముగ్గేసే చెయ్యి కదా, మేస్త్రి గీత కంటే ఆమె గీతే తిన్నగా వచ్చింది.

బంద్ అయిపోయాక మేస్త్రి వచ్చి తల గోక్కున్నాడు. "సారూ, మొన్న గిట్ల లేకుండె గదా?"

"ఉద్యమంల మారింది, తవ్వు" అన్నాను.

స్కూటర్ ఇప్పటికీ వీధిలో ఎండుతోంది. గృహప్రవేశమైన మర్నాడు వంటింటి గడప బయట నిలబడి చాయ్ అడిగాను. మా ఆవిడ కత్తీ, ఉల్లిగడ్డలూ నా చేతిలో పెట్టింది.

"రెండో మనిషెందుకని అడిగిన్రు గదా. లోపలికి రాండ్రి, జాగున్నది."